రాళ్ళ కింది తేమ: షాతోనఫ్-దు-పాప్, బోకాస్టెల్ తోట

దక్షిణ ఫ్రాన్స్‌లో అవిన్యోన్‌కీ ఒరాంజ్‌కీ మధ్య, రోన్ నదికి తూర్పు ఒడ్డున ఒక మెట్టనేల ఉంది. అక్కడ చాలాచోట్ల మట్టి కంటికి కనబడదు. పిడికిలంత నుంచి కొబ్బరికాయంత దాకా నున్నటి గుండ్రాళ్ళు పరుచుకొని ఉంటాయి. వాటి సందుల్లోంచి నడుమెత్తు కూడా లేని ద్రాక్ష పొదలు లేస్తాయి. ఈ ప్రాంతపు వైన్ గురించి ఎక్కడ చదివినా ఈ రాళ్ళ ఫొటోయే ఉంటుంది. కింద వివరణ కూడా ఒకటే: పగలంతా కాగిన రాళ్ళు రాత్రి వేడినిస్తాయి, అందుకే పండు అంత బాగా పండుతుంది.

అది సగం మాటే. ఏడాదికి 2800 గంటల దాకా ఎండ కాసే చోట ద్రాక్షలో చక్కెర పెరగడం గొప్ప కాదు, దానంతట అదే పెరుగుతుంది. కష్టమంతా ఆ చక్కెర పెరిగేలోపు పులుపు జారిపోకుండా, వాసన ఎండిపోకుండా, ఆకు మాడిపోకుండా కాపాడుకోవడంలో ఉంది. షాతోనఫ్-దు-పాప్ ఎర్ర వైన్‌ను నేను ఈ వైపు నుంచే చూస్తాను. కత్తిరింపు నుంచి సీసాలో నింపేదాకా ఇక్కడి పాత పద్ధతులన్నీ వేడి చేసే నష్టాన్ని తగ్గించడానికి పుట్టినవే. ఆ పద్ధతులను ఒకచోట చూడాలంటే ఈ ప్రాంతపు ఉత్తరం అంచున, కూర్తెజోన్ దగ్గర ఉన్న షాతో ద బోకాస్టెల్ మంచి ఉదాహరణ.

ముందు రాళ్ళ సంగతి. ఇవి ఆల్ప్స్ పర్వతాల నుంచి ఊడిన క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి ముక్కలు. పాతకాలపు రోన్ నది వాటిని దొర్లించుకుంటూ తెచ్చి, నునుపు చేసి, ఈ మిట్టల మీద వదిలి పక్కకు జరిగింది. స్థానికులు వీటిని గాలె రూలే అంటారు, అంటే దొర్లిన గుండ్రాళ్ళు. వీటి కింద ఎర్రటి బంకమట్టి, ఇసుక కలిసిన పొర ఉంటుంది. బోకాస్టెల్‌లో ఆ కింద ఇంకా పాత పొర ఉంది. మయోసీన్ అనే అతి పాత భూయుగంలో ఇక్కడ సముద్రం ఉండేది, దాని అడుగున పేరుకున్న ఇసుకరాయి అది. వాన చలికాలంలోనూ వసంతంలోనూ పడి ఈ బంకమట్టిలోకి ఇంకుతుంది. ఏడాదికి 600 నుంచి 700 మిల్లీమీటర్లు. మన మెట్టప్రాంతాలతో పోలిస్తే అదేమంత తక్కువ కాదు. అయితే మనకు వానాకాలమైన జూన్, జులై, ఆగస్టు నెలలు అక్కడ పొడి నెలలు. మొక్కకు నీళ్ళు అత్యవసరమైన ఆ మూడు నెలలూ అడుగున దాగిన తేమతోనే బతకాలి. రాళ్ళ దుప్పటి ఆ తేమను ఆవిరి కానివ్వకుండా కప్పి ఉంచుతుంది. మల్చింగ్ షీటు చేసే పనే ఇది. వేడినివ్వడం కన్నా నీటిని కాపాడటమే ఈ రాళ్ళు చేసే పెద్ద మేలని నా అభిప్రాయం.

రాళ్ళు లేకపోతే వైన్ రాదా అంటే, ఈ ప్రాంతంలో అందరూ వెతుక్కునే షాతో రాయాస్ తోటే దానికి జవాబు. అక్కడ గుండ్రాళ్ళు దాదాపు లేవు. ఇసుక నేల, చుట్టూ చెట్లు, ఎర్ర వైన్‌కు ఒక్క గ్రెనాష్ రకం. ఇసుక రాత్రికి త్వరగా చల్లబడుతుంది. అందుకే ఆ వైన్ రంగు పలచగా, వాసన మెత్తగా ఉంటుంది. బంకమట్టి మీద రాళ్ళున్న లా క్రో మిట్టలో పండినది చిక్కగా, వగరు ఎక్కువగా ఉంటుంది. సున్నపురాయి పెచ్చులున్న చోట పులుపు కాస్త నిలుస్తుంది. ఈ మూడు రకాల నేలలూ ఒకే ప్రాంతంలో, ఒకే పేరు కింద ఉన్నాయి.

పేరుకు అర్థం పోపు గారి కొత్త కోట. 1309లో పోపు ఐదవ క్లెమెంట్ రోమ్‌ను కాదని అవిన్యోన్‌కు చేరాడు. తర్వాత వచ్చిన ఇరవై రెండవ జాన్ ఈ ఊళ్ళో వేసవి కోట కట్టించాడు. ఊరికి మాత్రం చాలాకాలం షాతోనఫ్-కాల్సెర్నియే అనే పేరే ఉండేది, చుట్టుపక్కల సున్నపు బట్టీల వల్ల వచ్చిన పేరు. ఇప్పటి పేరు అధికారికంగా వచ్చింది 1893లో. కోటలో ఇవాళ మిగిలింది గోడ ముక్కే. 1944 ఆగస్టులో వెనక్కి పోతూ జర్మన్ సైన్యం దాన్ని పేల్చేసింది.

వైన్ చరిత్రలో కోట కన్నా ముఖ్యమైనవి రెండు సంఘటనలు. మొదటిది ఫిలాక్సెరా. వేళ్ళను పీల్చే ఈ చిన్న పురుగు ఫ్రాన్స్‌లో మొదట కనబడింది ఇక్కడే, నదికి అవతలి ఒడ్డున పుజో ఊళ్ళో, 1863 ప్రాంతంలో. అమెరికా నుంచి తెచ్చిన ద్రాక్ష మొక్కలతో వచ్చింది. తోటలన్నీ ఎండిపోయాయి. విరుగుడు కూడా అమెరికా నుంచే వచ్చింది: అక్కడి ద్రాక్ష వేరుకు ఇక్కడి రకాన్ని అంటుకట్టడం. నేటికీ అదే పద్ధతి.

రెండోది నియమాల పుట్టుక. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఈ పేరుతో నకిలీ వైన్ విపరీతంగా అమ్ముడుపోయేది. న్యాయశాస్త్రం చదివి, యుద్ధంలో విమానం నడిపి వచ్చిన బారన్ పియేర్ లె రువా, పెళ్ళి ద్వారా షాతో ఫోర్తియా తోటకు చేరాడు. 1923లో తోటి రైతులను కూడగట్టి నియమాలు రాయించాడు. ఏ నేలలో వేయాలి, ఏ రకాలు వేయాలి, ఎలా కత్తిరించాలి, వైన్‌లో ఆల్కహాల్ సహజంగానే 12.5 శాతం ఉండాలి, రోజే అనే లేత గులాబీ రంగు వైన్ చేయకూడదు, కోసిన పంటలో కనీసం 5 శాతం ఏరి పక్కన పెట్టాలి. నేల విషయంలో ఆయన పెట్టిన గుర్తు నాకు బాగా నచ్చుతుంది: థైమ్, లావెండర్ రెండూ మొలిచేంత పేదనేల అయితేనే ద్రాక్షకు పనికొస్తుంది. పాఠశాల మెట్లెక్కని రైతు కూడా కంటితో చూసి చెప్పగలిగిన పరీక్ష అది. 1936లో ఫ్రాన్స్ ప్రభుత్వం తొలి విడత ప్రాంతీయ గుర్తింపులు ఇచ్చినప్పుడు షాతోనఫ్-దు-పాప్ వాటిలో ఉంది. దేశమంతటికీ ఆ పద్ధతి ఈ ఊరి నమూనాతోనే వచ్చిందనాలి.

నేడు ఐదు ఊళ్ళలో కలిపి సుమారు 3200 హెక్టార్ల తోటలకు ఈ పేరు వాడుకునే హక్కుంది: షాతోనఫ్-దు-పాప్, ఒరాంజ్, కూర్తెజోన్, బెదారీద్, సోర్గ్. హెక్టారుకు 35 హెక్టోలీటర్లు, అంటే 3500 లీటర్లు దాటకూడదు. దీన్ని మన లెక్కలోకి మార్చితే బాగా అర్థమవుతుంది. లీటరు వైన్‌కు దాదాపు 1.3 కిలోల పండు పడుతుంది. అంటే ఎకరానికి రెండు టన్నుల లోపే. మన దేశంలో పందిరి మీద థామ్సన్ సీడ్‌లెస్ పండించే రైతు ఎకరానికి 8 నుంచి 10 టన్నులు తీస్తాడు. హెక్టారుకు 3000 పైచిలుకు మొక్కలుంటే, ఒక్కో మొక్క నుంచి వచ్చేది లీటరు వైన్. ముసలి తోటల్లో అంత కూడా రాదు.

మన ద్రాక్షకూ దానికీ ఇంకో పెద్ద తేడా ఉంది. తెలంగాణలో ద్రాక్షతీగ నిద్రపోదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాం, వేసవి మొదట్లో కొమ్మ కోసం, అక్టోబరు ప్రాంతంలో కాయ కోసం. అక్కడ చలికాలంలో మొక్క ఆకులన్నీ రాల్చి నిద్రలోకి వెళ్తుంది, కత్తిరింపు ఒక్కసారే. పందిరి కూడా ఉండదు. కారణం మిస్త్రాల్ అనే ఉత్తరపు గాలి. రోన్ లోయ గొట్టంలా పనిచేసి ఆ గాలిని గంటకు 90 కిలోమీటర్లు దాటించేస్తుంది. ఎత్తున పాకిన తీగ దానికి చీలికలై పోతుంది. అందుకే మొక్కను ఇనుపతీగ లేకుండా, ఊతం లేకుండా, గిన్నె ఆకారంలో పొదగా పెంచుతారు. దీన్ని గొబ్లె అంటారు. గాలికి లేత చిగుళ్ళు విరిగే సిరా రకాన్ని మాత్రం ఇనుపతీగకు కడతారు.

గొబ్లె కత్తిరింపు ఇలా సాగుతుంది. పొట్టి మొద్దు మీద నాలుగైదు చేతులు, గిన్నె అంచులా బయటికి తిరిగి ఉంటాయి. ఒక్కో చేతి చివర నిరుటి కొమ్మ ఒకటి మాత్రమే ఉంచి, దాన్ని రెండు కళ్ళ (చిగురు మొగ్గల) పైన కోస్తారు. అంటే మొక్క మొత్తానికి ఎనిమిది నుంచి పది కళ్ళు. ఉంచే కొమ్మ చేతికి బయటి వైపు, కింది వైపు ఉన్నదై ఉండాలి. పై కొమ్మ ఉంచితే ప్రతి ఏడాదీ చేయి పొడుగై, పదేళ్ళలో మొక్క గాలికి అందేంత ఎత్తు లేస్తుంది. కోత చిన్నదిగా ఉండాలి, పాత మానులోకి దిగకూడదు. పెద్ద గాయంలోంచి ఎస్కా అనే తెగులు తెచ్చే శిలీంధ్రాలు దూరి లోపలి చెక్కను దూదిలా చేస్తాయి. నలభై ఏళ్ళ మొక్క వేసవిలో ఒక్క వారంలో నిలువునా ఎండిపోవడానికి చాలాసార్లు ఎన్నో ఏళ్ళ కిందటి పెద్ద కోతే కారణం. కత్తిరింపు ఫిబ్రవరి చివరికి, మార్చికి నెట్టడంలోనూ అర్థముంది. ఆలస్యంగా కోస్తే చిగురు కొన్ని రోజులు ఆలస్యంగా వస్తుంది, ఏప్రిల్ మంచుదెబ్బ నుంచి తప్పించుకునే వీలుంటుంది. గ్రెనాష్ తొందరగా చిగురించే రకం కాబట్టి దానికి ఇది మరీ అవసరం.

శరదృతువులో మొక్క మొదలుకు మట్టి ఎగదోస్తారు, వసంతంలో మళ్ళీ లాగేస్తారు. అంటుకట్టు చోటు చలికి పగలకుండా ఉంటుంది, కలుపు కూడా పోతుంది, కలుపుమందు అవసరం రాదు. మేలో గిన్నె మధ్యలో మొలిచిన చిగుళ్ళను చేత్తో గిల్లేస్తారు. మధ్య ఖాళీ ఉంటేనే గాలి దూరి గుత్తిని ఆరబెడుతుంది. మిస్త్రాల్ కొమ్మలు విరిచే గాలే అయినా, బూజు తెగుళ్ళకు అంతకన్నా మంచి మందు లేదు. అది వీచని ఏడాది వస్తే ఏమవుతుందో 2018లో తెలిసింది. మే, జూన్ నెలల్లో తెరిపి లేని వానలు, గాలి లేదు, బూజు తెగులు గ్రెనాష్ గుత్తులను తినేసింది. సేంద్రియ తోటలు ఎక్కువ దెబ్బతిన్నాయి. వాళ్ళ చేతిలో ఉన్నది రాగి మందు. అది ఆకు పైన నిలిచి కాపాడేదే తప్ప లోపలికి ఇంకేది కాదు. వాన కడిగితే మళ్ళీ కొట్టాలి, తడిసిన బంకమట్టిలోకి ట్రాక్టరు దిగదు. పైగా యూరప్ నియమాల ప్రకారం ఏడేళ్ళలో హెక్టారుకు 28 కిలోలకు మించి రాగి వాడకూడదు.

గుత్తిలో దూరే చిమ్మట పురుగు కోసం ఆడపురుగు వాసన గల గొట్టాలను హెక్టారుకు 500 దాకా కొమ్మలకు తగిలిస్తారు. మన పత్తి రైతులకు లింగాకర్షక బుట్టలు తెలుసు. అక్కడ మగపురుగును బుట్టలోకి లాగుతాం, ఇక్కడ తోటంతా ఆ వాసన నింపి మగపురుగుకు జత ఎక్కడుందో తెలియకుండా చేస్తారు. తోట చిన్నదైతే ఇది పనిచేయదు, పక్క తోటలో జతకట్టిన ఆడపురుగులు వచ్చి గుడ్లు పెడతాయి. అందుకని పొరుగువాళ్ళంతా కలిసి పెట్టాలి.

ఇక రకాలు. నియమాల్లో పదమూడు అని లోకప్రసిద్ధం. ఎర్రవి ఎనిమిది: గ్రెనాష్, మూర్వెద్ర్, సిరా, సాన్సో, కూన్వాజ్, వకారేజ్, తెరే న్వార్, ముస్కార్దాన్. తెల్లవి ఐదు: రూసాన్, క్లెరెత్, బూర్బులాంక్, పిక్‌పూల్, పికార్దాన్. రంగు భేదాలను విడివిడిగా లెక్కపెట్టి 2009 నియమాల్లో పద్దెనిమిది రాశారు. ప్రాంతం మొత్తం మీద మూడింట రెండొంతుల పైన గ్రెనాషే. అది ఎండకు, గాలికి తట్టుకుంటుంది, తియ్యగా పండుతుంది. దాని లోపాలు కూడా చెప్పుకోవాలి. పూత సమయంలో చల్లటి వాన గానీ పెనుగాలి గానీ తగిలితే పిందె పట్టదు, గుత్తి సగం ఖాళీ అవుతుంది. చక్కెర ఆగకుండా పెరుగుతుంది. లీటరు రసంలో దాదాపు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ అవుతుంది. లీటరు రసంలో 255 గ్రాములుంటే అది 15 శాతం వైన్. రంగు తక్కువ, గాలి తగిలితే గోధుమరంగుకు తిరుగుతుంది.

బోకాస్టెల్ ప్రత్యేకత ఇక్కడే ఉంది. పదమూడు రకాలనూ పెంచే కొద్ది తోటల్లో అదొకటి. ఎర్ర వైన్‌లో గ్రెనాష్ వాటా దాదాపు 30 శాతమే, మూర్వెద్ర్ కూడా అంతే. కూన్వాజ్ 10 శాతం దాకా ఉంటుంది, మిగతాది సిరా, సాన్సో, మిగిలిన చిన్న రకాలు. మూర్వెద్ర్ ఆలస్యంగా చిగురించి, అందరికన్నా చివర, అక్టోబరు మొదట్లో పండుతుంది. దానికి పాదాలు నీళ్ళలో, తల ఎండలో ఉండాలని ప్రొవాన్స్ వాళ్ళ సామెత. ఇసుకనేలలో వేస్తే ఆగస్టులో ఆకు ముడుచుకొని ఆగిపోతుంది, పండు పచ్చి వగరుతో మిగిలిపోతుంది. బోకాస్టెల్‌లో రాళ్ళ కింద లోతైన బంకమట్టి ఉంది కాబట్టి పాదాలకు తేమ దొరుకుతుంది. ఇది మూర్వెద్ర్ పండే ఉత్తరపు హద్దు కావడంతో రాళ్ళు రాత్రి ఇచ్చే వేడి కూడా ఆ రకానికి నిజంగా అక్కరకొస్తుంది. అందరూ చెప్పే వేడి మాట పూర్తిగా ఒప్పేది ఇలాంటి చోటే. మూర్వెద్ర్ గాలిని తట్టుకుంటుంది, రంగునిస్తుంది, గ్రెనాష్ తొందరగా ముసలిది కాకుండా పట్టి ఉంచుతుంది. కూన్వాజ్‌కు రంగు లేదు, చక్కెర తక్కువ, కానీ పులుపూ మిరియపు ఘాటూ ఉంటాయి. వేడి ఏడాదుల్లో దాని విలువ తెలుస్తుంది. 2003 వంటి వడగాలుల వేసవి తర్వాత ఈ ప్రాంతమంతా చిన్న రకాల వైపు మళ్ళీ చూడటం మొదలుపెట్టింది. వాటిని ఎప్పుడూ పీకేయని తోటకు ఆ అవసరమే రాలేదు.

ఆ తోట చరిత్ర క్లుప్తంగా. 1549లో పియేర్ ద బోకాస్టెల్ అనే ఆయన కూదులే దగ్గర ఒక కొట్టాన్నీ దాని పక్క నేలనూ కొన్న పత్రం ఉంది. ఫిలాక్సెరా తర్వాత, 1909లో పియేర్ త్రామియే దీన్ని కొన్నాడు. ఆయన అల్లుడు పియేర్ పెరాన్, తర్వాత ఆయన కొడుకు జాక్ పెరాన్, ఆ తర్వాత జాక్ కొడుకులు ఫ్రాన్స్వా, జాన్-పియేర్, ఇప్పుడు వాళ్ళ పిల్లలు నడుపుతున్నారు. రసాయన ఎరువులు ప్రతిష్ఠగా వెలిగిన రోజుల్లోనే వాటిని వదిలేసిన మనిషి జాక్ పెరాన్. ఆయన గుర్తుగా పాత మూర్వెద్ర్ ఎక్కువపాళ్ళలో కలిపి చేసే ఒమాజ్ అ జాక్ పెరాన్ అనే వైన్ 1989లో మొదలైంది, అన్ని ఏళ్ళూ రాదు. తోట పెద్దది, సుమారు వంద హెక్టార్ల ద్రాక్ష. ఏ7 హైవేకు అవతల ఉన్న కూదులే ముక్క నేల దాదాపు ఇలాంటిదే అయినా షాతోనఫ్ హద్దు గీతకు బయట పడటంతో కోత్ దు రోన్ అనే మామూలు పేరుతో అమ్ముడవుతుంది. జేబును బట్టి కొనేవాళ్ళకు నేను ముందు చెప్పేది ఆ కూదులే ద బోకాస్టెల్‌నే.

కోత యంత్రంతో చేయకూడదు, నియమమే ఒప్పుకోదు. సెప్టెంబరు మొదట్లో తెల్లవీ సిరా, నెల మధ్య నుంచి గ్రెనాష్, చివర మూర్వెద్ర్. కోసేవాళ్ళు కుళ్ళిన గింజలనూ ఎండుద్రాక్షలా ముడుచుకున్నవాటినీ అక్కడికక్కడే తీసేస్తారు. ఏరివేత ఎందుకంత ముఖ్యమంటే, ముడుచుకున్న గింజలో చక్కెర రెండింతలుంటుంది. చెరువులాంటి తొట్టెలో అవి పదిశాతం కలిసినా, కొలత చూసినప్పుడు కనబడదు, నానాక రెండో రోజు చక్కెర బయటికొచ్చి ఆల్కహాల్ అనుకున్నదానికన్నా ఒక శాతం దాకా లేస్తుంది. ఏరి వదిలేసిన పండు పోయినట్టు కాదు, మిగతాది దక్కినట్టు. 2002 సెప్టెంబరు మొదట్లో ఈ ప్రాంతంలో కుంభవృష్టి కురిసి గింజలు ఉబ్బి కుళ్ళినప్పుడు ఎంత ఏరినా చాలక, చాలామంది తమ మేలురకం వైన్‌లు ఆ ఏడాది చేయనే లేదు.

బోకాస్టెల్‌లో రకాలను విడివిడిగా కోసి విడివిడిగా పులియబెడతారు. దానికి ముందు ఒక విచిత్రమైన మెట్టు ఉంది. తొడిమెలు తీసిన పండును గొట్టంలోంచి పంపుతూ, తొక్కల పైపైన మాత్రం 80 డిగ్రీల దాకా ఒకటి రెండు నిమిషాలు వేడిచేసి, వెంటనే 20 డిగ్రీలకు చల్లబరుస్తారు. ఇది ఎందుకో వంటింట్లో అందరికీ తెలుసు. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడుతుంది, అందుకే ఉప్పునీళ్ళలో వేస్తాం. ద్రాక్ష తొక్కలో ఉన్నది కూడా అలాంటి ఎంజైమే. వేడి దాన్ని చంపేస్తుంది, తొక్కలోని రంగు వదులవుతుంది. ఇక వైన్ చెడిపోకుండా వాడే సల్ఫర్ డయాక్సైడ్ మోతాదు తగ్గించుకోవచ్చు. చల్లబరచడంలో ఆలస్యమైతే రసం ఉడికిన జామ్ వాసన పట్టేస్తుంది, కాబట్టి చల్లబరిచే యంత్రం సామర్థ్యమే ఈ పద్ధతికి ప్రాణం.

పులిసే తొట్టెలను కూడా రకాన్ని బట్టి ఎంచుకుంటారు. గాలికి త్వరగా చెడే గ్రెనాష్, సాన్సో, కూన్వాజ్‌లను పలకలు అతికిన సిమెంటు తొట్టెల్లో పెడతారు, అవి గాలి ఆడనివ్వవు, వేడిని నెమ్మదిగా మారుస్తాయి. గాలి చాలకపోతే కుళ్ళిన గుడ్డు వాసన పట్టే మూర్వెద్ర్, సిరాలను తెరిచి ఉన్న చెక్క తొట్టెల్లో పెడతారు. పన్నెండు రోజుల దాకా తొక్కలతో నానుతుంది. వేడి 28–30 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. 35 దాటితే ఈస్ట్ చచ్చి, చక్కెర మిగిలిపోయి పులియడం ఆగిపోతుంది. అలా ఆగిన తొట్టె ఈ ప్రాంతంలో అందరి భయం. మిగిలిన చక్కెరను బాక్టీరియా పట్టుకుంటే వినెగర్ వైపు వెళ్తుంది. 15 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రవంలో కొత్త ఈస్ట్‌ను బతికించడం చాలా కష్టం. అందుకే రోజుకు రెండుసార్లు వేడి, సాంద్రత కొలిచి రాస్తారు.

తర్వాత రకాలను కలిపి, పెద్ద ఓక్ పీపాల్లో ఏడాది పాటు నిలవ ఉంచుతారు. ఈ పీపాలను ఫూద్ర్ అంటారు, వేల లీటర్లు పడతాయి. మామూలు బోర్దో పీపా 225 లీటర్లు. చిన్న పీపాలో ప్రతి లీటరుకూ తగిలే చెక్క, దూరే గాలి చాలా ఎక్కువ, గ్రెనాష్ దానికి ఆగదు, వెనీలా వాసన మింగేస్తుంది. చివర గుడ్డు తెల్లసొనతో మలినాలను దించుతారు, వడపోత లేకుండా సీసాలో నింపుతారు.

పాత పీపాలతో వచ్చే చిక్కు బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్. గుర్రపు జీను, పశువుల కొట్టం, తడి తోలు వాసన దాని పనే. కొంచెం ఉంటే ఇష్టపడేవాళ్ళున్నారు. ఎక్కువైతే పండు వాసన చచ్చి, నోట్లో లోహపు రుచి మిగులుతుంది. కల్లు గీసేవాళ్ళను అడగండి, నిన్నటి కుండ సరిగా కడక్కపోతే నేటి కల్లు ఎలా పులుస్తుందో చెబుతారు. పీపా చెక్క రంధ్రాల్లోనూ ఇదే జరుగుతుంది. వేడి ప్రాంతపు వైన్‌కు ముప్పు ఇంకా ఎక్కువ, ఎందుకంటే పులుపు తక్కువ. సల్ఫర్ డయాక్సైడ్‌లో సూక్ష్మజీవులను చంపే భాగం పులుపును బట్టి మారుతుంది. పులుపును పీహెచ్‌లో కొలుస్తారు, అది ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ. పీహెచ్ 3.3 ఉంటే ఆ భాగం 3 శాతం, 3.8 ఉంటే ఒక్క శాతమే. అంటే ఒకే రక్షణకు మూడింతల మోతాదు కావాలి. వేడిచేసిన పండు శుభ్రంగానే తొట్టెలోకి వెళ్తుంది, కానీ పీపా దగ్గర మళ్ళీ అంటుకోవచ్చు. కాబట్టి ఖాళీ అయిన రోజే లోపల రాయిలా పేరుకున్న పొరను గీకి ఆవిరి పట్టడం, పీపాను అంచుదాకా నింపి ఉంచడం, చక్కెర పూర్తిగా పులిసిందని లాబులో చూశాకే పీపాలోకి దించడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటీ వదలకూడదు.

సీసా సంగతి. భుజం మీద పోపు కిరీటం, దాని కింద అడ్డంగా పెట్టిన రెండు తాళంచెవుల ముద్ర గాజులోనే ఉబ్బెత్తుగా ఉంటే అది 1937 నుంచి వస్తున్న గుర్తు. అయితే అందరూ అదే సీసా వాడాలని లేదు, లేనంతమాత్రాన నకిలీ అనుకోకండి. మూర్వెద్ర్ ఎక్కువున్న ఇలాంటి వైన్‌ను మొదటి నాలుగైదేళ్ళలో పండు వాసన కోసం తాగాలి, లేదా పదేళ్ళు దాటనివ్వాలి. మధ్యలో ముడుచుకుపోయి వగరు తప్ప ఏమీ చెప్పదు.

హైదరాబాద్, విజయవాడల్లో దాచేవాళ్ళకు: ఏప్రిల్, మే నెలల్లో గది 38 డిగ్రీలకు వెళ్తే నెల రోజులు చాలు, లోపలి ద్రవం ఉబ్బి బిరడాను పైకి నెడుతుంది, అంచున ఎర్రటి చెమ్మ కనబడుతుంది. అలాంటి సీసాను షాపులో ఉన్నా కొనవద్దు. 12–14 డిగ్రీల వైన్ ఫ్రిజ్ లేకపోతే ఏళ్ళ తరబడి దాచే ఆలోచన మానుకోవడం మేలు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. పెరాన్ కుటుంబం 1989లో అమెరికాలో తమ వైన్‌లు దిగుమతి చేసే రాబర్ట్ హాస్‌తో కలిసి పాసో రోబుల్స్ దగ్గర టాబ్లాస్ క్రీక్ తోట పెట్టి, బోకాస్టెల్ మొక్కల కొమ్మలనే తెచ్చి నాటింది. రెండు సీసాలు పక్కపక్కన పెట్టి రుచి చూస్తే నేల ఎంత, రకం ఎంత అన్నది నాలుకకే తెలుస్తుంది.

పోసేటప్పుడు వైన్ 16–17 డిగ్రీలుండాలి. మన గది వేడికి అలాగే పోస్తే 14.5 శాతం ఆల్కహాల్ ముక్కులో మండుతుంది. ఫ్రిజ్‌లో నలభై నిమిషాలు పెట్టండి. కారం బాగా దట్టించిన కూరతో వద్దు, ఆల్కహాల్ మిరపకాయ మంటను ఎగదోస్తుంది. మిరియాలతో, నెమ్మదిగా ఉడికించిన వేటమాంసంతో, గోంగూర లేకుండా బాగుంటుంది. గోంగూర పులుపు ముందు ఈ వైన్ చప్పగా తేలిపోతుంది. వడపోయని వైన్ కాబట్టి పాత సీసాను ముందురోజే నిలబెట్టి మడ్డి దిగనివ్వాలి. మర్నాడు కదపకుండా బిరడా తీసి, మెడ వెనక దీపం పెట్టి ఒకే ధారగా గాజుకూజాలోకి వంచాలి. మెడ దగ్గర మసక కనబడగానే ఆపేసి, అడుగున మిగిలిన గుక్కెడు పారబోయాలి.